దండ వేసిన ఫోటో

ఒకప్పుడు పాఠకుల అభిప్రాయం తెలుసుకోవడానికి నేను పెద్దగా కష్టపడింది లేదు. పొద్దున్నే మెదక్ బస్టాండు దగ్గరి చాయ్ హోటల్‌కు వెళ్లి ఒక మూల కూర్చుంటే చాలు, అభిప్రాయాలు వాటంతట అవే నా బల్ల దగ్గరికి వచ్చేవి. హోటల్ యజమానిని నేను సాబ్ అనేవాణ్ని, ఆయనా నన్ను సాబ్ అనేవాడు. ఆయన ఒక్కటే పేపర్ తెప్పించేవాడు. దాన్ని విడదీసి మొదటి పేజీ ఒకరికి, ఆటల పేజీ ఒకరికి, జిల్లా పేజీ ఇంకొకరికి పంచేవాడు. జిల్లా పేజీకి మాత్రం ఎప్పుడూ వరుసే. అది చేతులు మారి మారి నా ముందుకు వచ్చేసరికి దాని మీద చాయ్ మరకలు, అంచుల్లో వేలిముద్రలు, నడుమ ఎక్కడో నేను రాసిన వార్త ఉండేవి.

నేను ఈ ఊళ్లో ఒక తెలుగు దినపత్రికకు చాలాకాలంగా విలేకరిని. సాబ్ ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు గానీ నా వార్తలో ఒక్క అక్షరం వదిలేవాడు కాదు.

"ఏం సాబ్, మా గల్లీల మోరీ నిండి రోడ్డు మీద పారుతున్నదని రాసినవ్. మా గల్లీల గాదు, ఎనక గల్లీల. మా మోరీ మస్తు సాఫ్‌గ ఉంది. జర వచ్చి సూడు," అనేవాడు.

నేను లేచి వెళ్లి చూసేవాణ్ని. ఆయన చెప్పిందే నిజమయ్యేది. మర్నాడు పేపర్లో 'సవరణ' అని పెట్టి చిన్న అక్షరాలతో రెండు ముక్కలు వేయించేవాణ్ని. వార్త వచ్చింది పేజీ నెత్తి మీదైతే, సవరణ వచ్చేది అడుగున, టెండరు ప్రకటనకూ పెళ్లి పందిళ్ల ప్రకటనకూ మధ్య. దాన్ని ఎవరైనా చదివేవారా అంటే నాకు అనుమానమే. నా భార్య కూడా చదివేది కాదు.

ఇప్పుడు ఆ పద్ధతులన్నీ మారిపోయాయి. మా జిల్లాకు విడిగా వచ్చే పేజీలు సన్నబడి పక్క జిల్లా పేజీలతో కలిసిపోయాయి. వార్త ముందు నా ఫోన్‌లోంచి వెబ్‌సైట్‌కు పోతుంది, అక్కడి నుంచి ఫేస్‌బుక్‌లోకి ఎక్కుతుంది, ఆ తర్వాత ఇంకా చోటుంటే కాగితం మీదికి వస్తుంది. హైదరాబాద్ ఆఫీసులో డిజిటల్ డెస్క్ అని ఒకటి పెట్టారు. దాన్ని చూసే అమ్మాయిది నా కూతురి వయసు. తెలివైన పిల్ల, పని రాక్షసి. నాకు వార్త రాయడం కొత్తగా నేర్పింది.

"హెడ్డింగ్ చిన్నగా ఉండాలి సార్. ఫోటోలో ఒక్క మొహమే పెద్దగా కనిపించాలి. మొహం కనిపిస్తేనే చదివేవాళ్ల వేలు ఆగుతుంది," అంది.

వేలు ఆగడం కోసం వార్త రాయాల్సిన రోజు వచ్చిందే అని నేను నాలుగు రోజులు గొణుక్కున్నాను. తర్వాత అలవాటు పడ్డాను. నిజం చెప్పాలంటే మంచి కూడా జరిగింది. ఒకసారి ఒక ఊరి చెరువు కట్ట తెగిందని రాస్తే, ఆ కట్ట మీదే నిలబడి ఉన్న రైతు ఒకాయన, తెగలేదు, కొంచెం కారుతోందంతే అని ఫోటో తీసి కింద కామెంట్ పెట్టాడు. ఇదేదో బాగానే ఉంది, మన హోటల్ సాబ్ ఊరికొకడు తయారయ్యాడని సంతోషించాను.

కానీ సాబ్‌కీ వీళ్లకూ ఒక తేడా ఉంది. సాబ్ చదివాక మాట్లాడేవాడు. కామెంట్ పెట్టేవాళ్లలో చాలామంది మాట్లాడటానికి చదవాల్సిన పనేముంది అనుకునే రకం. కరెంటు కోత ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని మొదటి వాక్యంలోనే రాస్తాను. కింద మొదటి కామెంట్, "కరెంట్ ఎప్పుడు పోతది?" అని ఉంటుంది. ఒళ్లు మండుతుంది. అయినా ఓపికగా జవాబు రాస్తాను. అది కూడా నా ఉద్యోగంలో భాగమేనని డెస్క్ అమ్మాయి ముందే చెప్పింది.

ఇలా ఉండగా టీచరమ్మ సంగతి జరిగింది.

ఆమె హవేలిఘనపూర్ మండలంలో ఒక పల్లెటూరి బడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది. ఉండేది మెదక్‌లోనే, చర్చికి దగ్గరి గల్లీలో. భర్త పోయాడు, పిల్లలు లేరు. క్రైస్తవ కుటుంబం, క్రిస్మస్ వచ్చిందంటే చర్చిలో పిల్లల చేత పాటలు పాడించేది ఆమే. పాట మధ్యలో దిక్కులు చూసిన పిల్లవాడు ఎంత పెద్దింటివాడైనా సరే, చెవి మెలిపెట్టేది. నా కూతురు కూడా ఆ చెవుల బాపతే. ఆమె నన్ను 'తమ్మీ' అంటుంది, నేను ఆమెను టీచరమ్మా అంటాను.

ఆమె ఉద్యోగ విరమణ రోజున ఆ ఊరివాళ్లు బడి ఆవరణలో టెంటు వేసి సన్మానం చేశారు. పెళ్లికూతురికి వేసే లాంటి పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్ల దాకా వచ్చే గులాబీల దండ వేశారు. వెనకాల ఆమె కోసమే చేయించిన ఫ్లెక్సీ, దాని చుట్టూ పూల అంచు. ఆమె ఫోటోలకు నవ్వే మనిషి కాదు. నిటారుగా కూర్చుని సూటిగా నా ఫోన్‌లోకి చూసింది. నేను ఫోటో తీసి, అక్కడే చెట్టు కింద నిలబడి వార్త కొట్టి పంపించాను. 'టీచరమ్మ సేవలు మరువలేనివి' అని హెడ్డింగ్. ఉద్యోగ విరమణ అనే మాట మొదటి వాక్యంలోనే ఉంది. మా వార్తలో తప్పు అణువంత కూడా లేదని నేను ఇప్పటికీ ప్రమాణం చేస్తాను.

సాయంత్రం అది ఫేస్‌బుక్‌లోకి ఎక్కింది. ఫోన్లలో ఫోటో దానంతట అదే చుట్టూ కత్తిరించుకుని చదరంగా అవుతుందట, నాకు ఆ సంగతి తెలియదు. కుర్చీ పోయింది, మైకు పోయింది, పక్కన నిలబడ్డ సర్పంచి భుజం పోయింది. ఆమె మొహం, మెడలో దండ, చుట్టూ పూల అంచు మిగిలాయి. ఎదురుగా చూస్తున్న మొహం, చుట్టూ ఫ్రేము, మీద దండ, ఈ మూడూ ఒకచోట కనిపిస్తే మన ఇళ్లల్లో ఏమని అర్థమో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పైగా హెడ్డింగ్‌లో సేవలు మరువలేనివంటున్నాం.

ఎక్కడో దూరాన ఉద్యోగం చేసుకుంటున్న పాత విద్యార్థి ఒకడు దాన్ని చూసి, "ఓం శాంతి టీచర్" అని రాసి రెండు దండం పెట్టే చేతులు పెట్టాడు. రెండోవాడు మొదటివాణ్ని చూసి రాశాడు. మూడో అమ్మాయి తన చిన్నప్పుడు టీచరమ్మ తన ముక్కు తుడిచిన సంగతి తలుచుకుని పెద్ద పేరా రాసింది. ఇక ఆ తర్వాత వచ్చినవాళ్లకు వార్త తెరవాల్సిన అవసరమే లేకపోయింది, కామెంట్లే వార్త అయిపోయాయి. ఎవరో ఆ ఫోటో పక్కన వెలుగుతున్న కొవ్వొత్తి కూడా అతికించి వాట్సాప్ గ్రూపుల్లో వేశారు.

పొద్దున్నే హోటల్ సాబ్ నుంచి ఫోన్ వచ్చింది.

"సాబ్, చర్చి గల్లీ టీచరమ్మ పోయిందంట గదా. నిన్ననే నువ్వు ఫోటో తీసినవ్. గింతలనే ఏమాయె?"

పేజీ తెరిచి చూస్తే కిందికి పోయినకొద్దీ ఓం శాంతులే. అంతమంది అంత నమ్మకంగా ఏడుస్తుంటే, స్వయంగా రాసినవాణ్ని నాకే నా వార్త మీద అనుమానం వచ్చింది. నిన్న సాయంత్రం తర్వాత ఏమైనా జరగరానిది జరిగిందేమో అనిపించింది. ఆమెకు ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బండి తీశాను.

ఆ ఇంటి ముందు చెప్పులు చూసి నా పై ప్రాణం పైనే పోయింది. లోపలికి వెళ్తే అరుగు మీద టీచరమ్మ కూర్చుని, పూలదండలు పట్టుకుని వచ్చినవాళ్లకు గ్లాసుల్లో చాయ్ పోసి ఇస్తోంది. వచ్చినవాళ్లు సిగ్గుపడుతూ తాగుతున్నారు. ఒక బకెట్ నిండా నీళ్లు పోసి, ఆమె కోసం తెచ్చిన పూలన్నీ అందులో పెట్టింది.

"రా తమ్మీ. నువ్వు గూడ దండ తెచ్చినవా?" అంది.

"మాఫ్ చేయుండ్రి టీచరమ్మా. గిట్లయితదని అనుకోలే," అన్నాను.

"నువ్వేం చేసినవ్. సదువు చెప్పినోళ్లను అడగాలె, వార్త సదవకుంట ఏడుస్తుండ్రు. వీళ్లందరికి సదువు చెప్పింది నేనే గదా."

అక్కడి నుంచే డెస్క్ అమ్మాయికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆమె నా మాట పూర్తిగా విని, నిదానంగానే జవాబు చెప్పింది.

"సార్, తప్పు మనం రాయలేదు, వాళ్లు రాశారు. వాళ్ల తప్పుకు మనం సవరణ వేయడం మొదలుపెడితే రోజంతా అదే పని అవుతుంది. హెడ్డింగ్ మార్చమంటే మారుస్తాను."

ఆ పిల్ల అన్నదాంట్లో న్యాయం ఉంది. కాగితం రోజుల్లో మేం రాసిందానికి మాది బాధ్యత, చదివినవాడికి ఏమని అర్థమైందో అది వాడి ఖర్మ. వాడు పొరపాటుగా అర్థం చేసుకుంటే ఆ పొరపాటు హోటల్ దాటి పోయేది కాదు. ఇప్పుడు వాడి పొరపాటు కూడా మా పేరు కిందే వేలాడుతోంది. దానికి సవరణ ఎవరు వేయాలో మాకు ఎవరూ నేర్పలేదు. నేను కాసేపు ఆలోచించి, హెడ్డింగ్ మారిస్తే చాలదు, టీచరమ్మ ఇవాళ్టి ఫోటోతో కొత్తగా ఒక పోస్టు వేద్దామన్నాను.

"సరే పంపండి. కానీ ముందే చెప్తున్నా సార్, దాన్ని ఎవరూ చూడరు. బతికున్నారనే వార్త ఎవరూ షేర్ చేయరు," అంది.

వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. ఫోటో తీద్దామని నేను ఫోన్ సర్దుకుంటుంటే టీచరమ్మ చేయి చాపింది.

"జర ఆగు. గా కామెంట్లు నాకు జూపియ్యి."

కళ్లద్దాలు పెట్టుకుని చూడటం మొదలుపెట్టింది. తన గురించి పిల్లలు రాసిన మంచి మాటలు చదువుకుంటోంది కదా, చదువుకోనీ అని నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి గమనించాను. ఆమె మాటల దగ్గర ఆగడం లేదు. మాటల పైన ఉండే పేర్లు మాత్రం చూసుకుంటూ పోతోంది.

"తమ్మీ, గీ కామెంట్లల్ల ఒక్క పేరు ఎతుకాలంటె ఎట్ల?" అంది.

"ఎవరిది?"

ఆమె తన తమ్ముడి పేరు చెప్పింది. నేను వెతికాను. ఆ పేరు ఎక్కడా లేదు.

ఆ తమ్ముడి సంగతి నాకు సగం తెలుసు. మిగతా సగం ఆమె ఆ రోజు చెప్పింది. వాళ్ల అమ్మ పోయిన ఏడాదికి, ఆమె జ్ఞాపకార్థం మా పేపర్లోనే జిల్లా పేజీలో ఒక ప్రకటన ఇచ్చారు. అప్పటికి నేను ఈ పేపర్లో చేరలేదు. పైన అమ్మ ఫోటో, కింద ఒక వాక్యం, దాని కింద ఇట్లు అని కుటుంబం పేర్లు. పెద్ద బిడ్డ కాబట్టి మొదటి లైన్లో టీచరమ్మ, ఆమె భర్త. రెండో లైన్లో కొడుకు, కోడలు, మనుమల పేర్లు. రాసి ఇచ్చింది టీచరమ్మే. చివరి నిమిషంలో ఎవరో నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు పెద్ద సైజులో వచ్చి పడ్డాయి. పేజీ పెట్టేవాళ్లు చోటు కోసం ఈ ప్రకటనను అడుగున ఒక లైను మేర కత్తిరించారు. తెల్లవారి చూస్తే తల్లికి ఒక్క కూతురే ఉన్నట్టు అచ్చయింది.

మర్నాడు సవరణ వేశారు, అడుగున, చిన్న అక్షరాలతో. మొదటి రోజు ప్రకటనను మాత్రం ఎవరో చక్కగా కత్తిరించి, మనోహరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేసే తమ్ముడి చేతికి ఇచ్చారు. సవరణను కత్తిరించి ఇచ్చిన పుణ్యాత్ముడు ఎవరూ లేడు. కన్నతల్లికి కొడుకును కాకుండా చేసిందని ఆయన అక్క మీద కోపం పెట్టుకున్నాడు. మళ్లీ ఈ గడప తొక్కలేదు.

"రెండుసార్లు నేనే పోయిన," అంది టీచరమ్మ. "మా మరదలు అన్నం వెట్టింది. వాడు నేను రాంగనే అంగి ఏసుకుని బయటికి పోయిండు. నేను తినేదాంక రాలే. ఫోన్ జేస్తె ఎత్తడు."

"మరి మీ మరదలికైనా ఇప్పుడు ఫోన్ చేసి బాగున్నానని చెప్పుండ్రి. వాళ్లు కూడా చూసే ఉంటరు గదా."

"ఆమెనే జేసింది, పొద్దుగాల కెల్లి. నేనే ఎత్తలే."

నాకు అర్థం కాక ఆమె మొహంలోకి చూశాను.

"ఎత్తితె బతికున్ననని తెలుస్తది గదా తమ్మీ," అంది. "మెదక్ ముచ్చట ఏది పడ్డా వాడు ఫోన్ల సూస్తడంట, మరదలు చెప్పింది. ఇది గూడ సూసే ఉంటడు. నువ్వు ఇయ్యాల ఏం పెట్టకు. సాయంత్రందాంక ఉంచు. సచ్చిపోయిన్నంటెనన్న వాడు వస్తడేమో సూస్త."

ఎన్ని వందల మంది పిల్లల చెవులు మెలిపెట్టిన మనిషి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు, బకెట్లో పూలు సర్దుతూ అంది. సరేననలేను, కాదనలేను. ఒక్క పూట ఆగితే మునిగిపోయేదేముంది అని కూడా అనిపించింది. తప్పు మేం రాయలేదని మా డెస్కే అంటోంది కదా.

అలా కూర్చుని ఉండగానే గేటు తోసుకుని ఒక ఆడమనిషి వచ్చింది. చీర మోకాళ్ల పైకి దోపుకుని ఉంది, కాళ్లకు పొలం బురద ఇంకా ఆరలేదు. వరి నాట్లు వేస్తూ ఎవరి ఫోన్‌లోనో చూసి, ఉన్నపళంగా ఆటో ఎక్కి వచ్చిందట. అరుగు మీద కూర్చున్న టీచరమ్మను చూసి అక్కడే మెట్ల మీద కూలబడి, ఆమె కాళ్లు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఏడుపు మధ్యలో మాట్లాడబోతే మాట రాలేదు. ఆమె కూడా ఆ బడిలో చదువుకున్న పిల్లే.

"ఊకో బిడ్డా, ఊకో. నాకేం గాలే. మంచిగున్న," అంటూ టీచరమ్మ ఆమె వీపు నిమిరింది. నిమురుతూ నిమురుతూ తనూ కళ్లు తుడుచుకుంది.

ఇంకా ఎన్ని పొలాల్లో ఎంతమంది ఇలా ఏడుస్తున్నారో అనిపించింది నాకు. లేచి నిలబడి, "టీచరమ్మా, ఇంక నేను ఆగలేను. పెడుతున్న," అన్నాను.

ఆమె ఆ ఆడమనిషి కాళ్ల మీది బురద వైపు చూసింది.

"పెట్టు తమ్మీ. నీ పని నువ్వు చెయ్యాలె గదా," అంది చివరికి.

కోప్పడి ఉంటే బాగుండేది. టీచరమ్మ మెట్ల మీదికి దిగి ఆ ఆడమనిషి భుజం మీద చేయి వేసింది, ఇద్దరూ అలా కూర్చుని ఉండగా ఫోటో తీశాను. టీచరమ్మ క్షేమంగా ఉన్నారు, నిన్నటి ఫోటో ఉద్యోగ విరమణ సన్మానంలో తీసినది అని రెండు వాక్యాలు రాసి పంపాను. డెస్క్ అమ్మాయి వెంటనే వేసింది.

ఆ పిల్ల చెప్పినట్టే అయింది. వేలాది మంది ఫోన్లలో టీచరమ్మ చనిపోయి ఉంటే, మా సవరణకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది బొటనవేలు చూపించారు. ఒకడు, "ఈ సంగతి ముందే చెప్పొచ్చు కదా" అని మా మీదే విసుక్కున్నాడు. ఇంకొకడు ఆ సవరణ కింద కూడా ఓం శాంతి అని రాసిపోయాడు.

మధ్యాహ్నం హోటల్‌లో కూర్చుని సాబ్‌కు ఈ కథంతా చెప్పాను. ఆయన గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వు చేసింది మంచి పనే సాబ్," అన్నాడు. "గని ఆమె తమ్ముడు ఇంక రాడు. సచ్చిపోయిందంటె రానోడు, బతికుందంటె వస్తడా?"

చాయ్ చల్లారిపోయింది, తాగబుద్ధి కాలేదు. పేపర్ పని నేను చక్కగానే చేశాను. కానీ ఆమెకు ఇన్నేళ్లకు దొరికిన ఒక్క పూటను నా చేతులారా తీసేసుకున్నానేమోనన్న దిగులు మాత్రం వదల్లేదు.

సాయంత్రం ఇంట్లో కాలు నిలవక మళ్లీ ఆ గల్లీకే పోయాను. టీచరమ్మ అరుగు మీదే ఉంది. బకెట్లో పూలు ఇంకా తాజాగానే ఉన్నాయి. పొద్దున వచ్చిన ఆడమనిషి ఇల్లు ఊడ్చి, గిన్నెలు తోమి, వెళ్లనంటే వెళ్లనని పోరి పోరి ఇప్పుడే వెళ్లిందని చెప్పింది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గల్లీ చివర బండి చప్పుడైనప్పుడల్లా ఆమె కళ్లు అటు పోయి వస్తున్నాయి, ఆమె చూసినప్పుడల్లా నేను వేరే వైపు చూస్తున్నాను.

ఒక బండి గేటు ముందు ఆగింది. యాభై దాటిన మనిషి దిగాడు. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని గేటు బయటే నిలబడ్డాడు. తెరవడు, పోడు. మొహం నిండా దారి దుమ్ము. నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది, ముక్కు అచ్చం టీచరమ్మదే.

ఆమె లేవలేదు.

"ఎప్పుడు బయలెల్లినవ్?" అని అడిగింది, పొద్దున పోయి సాయంత్రం వచ్చినవాణ్ని అడిగినట్టు.

"పగటీలి, నడి ఎండల," అన్నాడు. కాసేపు హెల్మెట్ పట్టీని సవరించుకున్నాడు. "పొద్దుగాల ఫోన్ల సూసిన. భూస్థాపన ఎన్నింటికో రాస్తరు గదా పేపరోళ్లు. అది యాడ రాయలే. మల్ల మల్ల తీసి సూసిన, కింద ఎవరన్న టైమ్ రాసిండ్రా అని. అందరు శాంతి శాంతి అంటుండ్రు గని టైమ్ ఎవలు రాయలే. గట్ల సూస్తుంటెనే ఇది వడ్డది."

ఫోన్ తీసి గేటు మీదుగా చూపించాడు. అక్కడ టీచరమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది, పక్కన బురద కాళ్ల ఆడమనిషి, కింద నేను రాసిన రెండు వాక్యాలు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను రాసిన సవరణను చదివిన మనిషిని కళ్లారా చూడటం నాకు అదే మొదలు. లేచి చేయి కలపాలనిపించింది, ఊరుకున్నాను.

"సచ్చిందనుకున్నప్పుడు రాలే. బతికుందంటె వచ్చినవ్," అంది టీచరమ్మ. గొంతు గట్టిగానే ఉంది.

"అప్పుడు గూడ వస్తుంటి అక్కా. మట్టేసే టైముకు వచ్చి, ఎనక నిలవడి, ఎవలకు కనవడకుంట పోతుంటి." ఆయన తల ఇంకా దించుకునే ఉన్నాడు. "బతికున్నవంటె మాట్లాడొచ్చు గదా అని వచ్చిన."

నాకు ఆ క్షణాన ఏం చేయాలో తోచక, పేపర్ మనిషిని కాబట్టి పేపర్ మాటే మాట్లాడాను. ఆనాటి ప్రకటనలో ఆయన పేరు పేజీ దగ్గర తెగిపోయిందనీ, అక్క రాసి ఇచ్చిన కాగితంలో ఉందనీ, మర్నాడు సవరణ కూడా వచ్చిందనీ చెప్పబోయాను.

"ఎర్కనే సార్," అన్నాడు. "సవరణ వచ్చిందని అప్పుడే చెప్పిండ్రు. నాకే దాన్ని సూడబుద్ధి గాలే."

టీచరమ్మ లేచింది. కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి నడుస్తూ, "గేటు ఎయ్యి, కుక్కలు వస్తయి. కాళ్లు కడుక్కో, అన్నం వెడ్త," అంది.

ఆయన గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. నేను నా చెప్పులు వెతుక్కుని బయటపడ్డాను.

మర్నాడు పొద్దున హోటల్‌లో సాబ్‌కు ఈ మిగతా కథ చెబుతుంటే డెస్క్ అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, మీ టీచరమ్మ పాత పోస్టు కింద ఎవరో ఒకాయన పొద్దుట్నుంచి ఒకటే గొడవ. ప్రతి ఓం శాంతి కిందా వరసపెట్టి ఒకటే కామెంట్ పెట్టుకుంటూ పోతున్నాడు. 'మా అక్క మంచిగుంది' అని రాసి, కింద తన పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు అన్నీ రాస్తున్నాడు. స్పామ్ అనుకుంటా. బ్లాక్ చేసేయనా?"

ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి ఆ పేజీ తెరిచాను. నిజమే. ఎంత కిందికి పోయినా ప్రతి ఓం శాంతి కిందా అవే పేర్లు, అదే వరుసలో, కొడుకు, కోడలు, మనుమలు.

"వద్దమ్మా," అన్నాను. "అది మన పేజీలో చోటు లేక తెగిపోయిన లైను. ఉండనీ."